ఇరుసు మీద బరువు

ఆంటీ పోయారన్న కబురు నాకు వేర్‌హౌస్ క్యాంటీన్‌లో తెలిసింది. ఫోన్ తీస్తే మా సంఘం గ్రూపులో సెక్రటరీగారి మెసేజ్: "మన స్టాన్‌మోర్ సిస్టర్ ఈ ఉదయం ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. దేవుని చిత్తం." దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. స్ట్రోక్ అట. వంటింట్లో పడిపోయారు, అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. నేను ఏడ్చాను. అందరి ముందూ, చేతిలో సగం తిన్న శాండ్‌విచ్ పట్టుకుని ఏడ్చాను. ఏడుపయ్యాక కోపం వచ్చింది. ఏడుపు ఆగింది గాని ఆ కోపం ఆగలేదు.

కోపం మీద పొద్దు గుంకనివ్వొద్దని లేఖనం. నా కోపం మీద ఈ వేసవి మొత్తం గుంకింది. ఈ దేశంలోని తెలుగు కూడికలన్నిటికీ వెళ్ళే ఈ చిన్న పత్రికవాళ్ళు ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నప్పుడు, కోపం తగ్గాక రాస్తానన్నాను. తగ్గేట్టు లేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను మెచ్చుకోనక్కర్లేదు, చివరిదాకా వింటే చాలు.

నేను పాస్టర్ని కాను. ఏ వేదపాఠశాల మెట్లూ ఎక్కలేదు. లండన్ పక్కన హేస్‌లో విమానాల సరుకు దించే షెడ్డులో పని. షిఫ్టుల మధ్య కూర్చుని చదువుకున్న వాక్యమే నా చదువు. సంఘం రోటాలో, అంటే వంతుల పట్టీలో, నా పేరు వచ్చిన ఆదివారం లేచి మాట్లాడతాను. నాకు మైకు అక్కర్లేదంటారు. ఆంటీ గొంతు నాకంటే పెద్దది.

ఆవిడది గుంటూరు వైపు. ఇక్కడ స్టాన్‌మోర్‌లో ఇల్లు, హాస్పిటల్ ఫార్మసీలో పనిచేసి రిటైరయ్యారు. "తెలియదు" అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా సలహా చెప్పబోతే "నాకు తెలుసు" అని వాళ్ళ మాటని సగంలోనే తుంచేసేవారు. ఒళ్ళు మండేదేమిటంటే, ఆవిడకి నిజంగానే తెలిసి ఉండేది. సమాధి సేవలో ఒకాయన లేచి "ఎంతో వినయం గల తల్లి" అన్నాడు. పెట్టెలోంచి లేచి ఒక్కటి పీకుతారేమోనని అటే చూశాను.

రిటైరయ్యాక ఆవిడా అంకులూ కలిసి ఒక క్యారవాన్ కొన్నారు. రెండు చక్రాల మీద నిలిచే తెల్లటి చిన్న ఇల్లు. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి. సగం ఊళ్ళు కూడా చూడకుండానే అంకుల్ పోయారు. అమ్మెయ్యమని అందరూ చెప్పారు. అమ్మలేదు. అంకులే కదా లాగేది, మీకెలా వస్తుంది అంటే, "ఆయనకి పుట్టుకతో వచ్చిందా? నేర్చుకున్నాడు. నాకూ నేర్పేవాళ్ళున్నారు," అని వెళ్ళి నేర్చుకొచ్చారు. అప్పటినుంచీ ఏటా వేసవిలో, వేల్స్ సరిహద్దున ఒక పొలంలో మా సంఘం పెట్టుకునే క్యాంపుకి ఆ క్యారవానే వంటిల్లు, ఆ క్యారవానే స్టోరు గది. మనుషులు మాత్రం అందులో కూర్చోకూడదు. దారిలో ఉన్నంతసేపూ అందులో ఎవరూ ఉండకూడదని ఈ దేశపు చట్టం. ఆంటీ చట్టం అంతకంటే గట్టిది. ఒకసారి పిల్లలెవరో లోపల దాక్కుంటే చెవి పట్టుకుని దింపి, వాళ్ళ తండ్రికి కూడా చెవి మెలేసినంత పని చేశారు.

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మీద రోడ్డు పనివాళ్ళు వేసుకునే పసుపురంగు మెరుపు కోటు వేసుకుని ఆవిడ బయల్దేరే ముందు చేసే పని ఒకటుంది. క్యారవాన్ కారుకి తగిలే కొసని ముక్కు అంటారు. ఆవిడ నేలమీద మోకాళ్ళూని, ఆ ముక్కు కింద ఇంట్లో మనం బరువు చూసుకునే మెషిన్ పెట్టి, దాని మీద కర్రముక్క నిలబెట్టి, ముక్కుని మెల్లగా దాని మీదకి దించేవారు.

"ఏంటాంటీ, క్యారవాన్ డైటింగ్ చేస్తోందా?" అని కుర్రకారు నవ్వేది.

"దానికి నీకంటే బుద్ధుందిరా. బరువు ఎక్కడ పెరిగిందో ఊగి చెప్తుంది. నువ్వు చొక్కా బయటికి లాగి దాస్తావు."

ముక్కు మీద బరువు మరీ తగ్గిందంటే తోక బరువెక్కిందని అర్థం. తోక బరువెక్కిన క్యారవాన్ స్పీడు పెరిగే కొద్దీ పాములా ఊగుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్నేకింగ్ అనే అంటారు. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం, ఆ తర్వాత ముందున్న కారునే ఇటూ అటూ విసిరేస్తుంది. బరువైనవన్నీ కింద, ఇరుసు మీద పెట్టాలి. తేలికవి పైన. వెనక కొసన దుప్పట్లు తప్ప ఏమీ పెట్టకూడదు. ఇంతే ఆవిడ ధర్మశాస్త్రం.

నాకు ఇది ఎలా నేర్పారో చెప్తాను. హీత్రోలో మా వాళ్ళెవర్నో దింపడానికి వెళ్ళాం. రెండు చక్రాల పెద్ద సూట్‌కేసు లాక్కుంటూ ఒక కుర్రాడు పరుగు తీస్తున్నాడు. సూట్‌కేసు వాడి వెనక ఊగడం మొదలెట్టింది.

"చూడు అబ్బాయ్, చూడు," అని ఆంటీ నా మోచేతి మీద పొడిచారు. "ఇంకా పరిగెడితే ఏమవుద్ది?"

"తిరగబడుద్ది."

"టక్కున ఆగితే?"

"వచ్చి కాళ్ళకి కొట్టుకుంటది."

"చేత్తో ఇటూ అటూ లాగి సరిచెయ్యబోతే?"

"చెయ్యి మెలిపడుద్ది."

"మరేం చెయ్యాలి?"

నేను ఆలోచిస్తుండగానే ఆ సూట్‌కేసు బోర్లాపడింది. ఆంటీ తృప్తిగా తలాడించారు. "చెయ్యి కదపకుండా, నడక మెల్లగా తగ్గించాలి. క్యారవాన్ ఊగినా అంతే. స్టీరింగ్ తిన్నగా పట్టుకో. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్. బ్రేక్ తొక్కకు. స్పీడు పోయేకొద్దీ అదే సర్దుకుంటది. ఏమీ చెయ్యకుండా ఉండటం అన్నిటికంటే కష్టం. మనవాళ్ళకి మరీ కష్టం."

మరోసారి నేను మందసం గురించి ప్రసంగించాను. దేవుని మందసాన్ని, ఆజ్ఞల పలకలుండే ఆ పవిత్రమైన పెట్టెని, ఎడ్లబండి మీద తెస్తుంటే ఎడ్లు తొట్రుపడ్డాయి, మందసం ఒరిగింది, ఒకడు చెయ్యి చాపి పట్టుకోబోయి అక్కడికక్కడే చచ్చాడు. చెయ్యి చాపినవాడి గర్వం మీద నేను ఉరిమాను. హాలు దద్దరిల్లింది. అయ్యాక టీ దగ్గర ఆంటీ నా పక్కకొచ్చారు.

"బాగుంది. సగమే చెప్పావ్."

"మిగతా సగం ఏంటాంటీ?"

"దాన్ని భుజాల మీద మొయ్యమని కదా ముందే ఆజ్ఞ? బండెక్కించింది ఎవరు? కొత్త బండి చేయించి, డప్పులు కొట్టుకుంటూ, ఊరంతా కలిసి ఎక్కించారు. తప్పు ఎత్తేటప్పుడే అయిపోయింది. చచ్చింది మాత్రం చివర్లో చెయ్యి చాపిన పిచ్చోడు. ఎక్కించిన పెద్దల గురించి నువ్వు ఒక్క ముక్క చెప్పలేదు."

ఆ మాట నేను తర్వాత ఎన్నిచోట్ల చెప్పానో! చెప్పిన ప్రతిచోటా ఆవిడదనే చెప్పాను.

ఇప్పుడు నా కోపం సంగతికొస్తాను.

మన ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. మంచి అలవాటే. ప్రయాణమయ్యేవాళ్ళ బండిలో తమ చేత్తో తాము ఏదో ఒకటి పెట్టాలి. ఇంకొకరికి ఇచ్చి పెట్టించడం కాదు, స్వయంగా పెట్టాలి. క్యాంపుకైతే అది దేవునికిచ్చే కానుక కింద లెక్క. ఒకరి డేక్సా తీసుకుని ఇంకొకరిది వద్దంటే ఏడాదిపాటు మాటలుండవు. కొన్నేళ్ళ కిందటి క్యాంపుకి, ఆంటీ క్యారవాన్ సర్ది, ముక్కు బరువు చూసి, తాళం వేసి కారు టైర్లు చూడబోయారు. మా సెక్రటరీగారు స్పేర్ తాళంచెవితో తలుపు తీయించారు. బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు, మాంసం డేక్సాలు, నీళ్ళ క్యాన్లు, పాటల కోసం పెద్ద స్పీకరు, అన్నీ వెనక కొసకి చేరాయి. వెనకే ఎందుకంటే, మనకి సామానంటే వెనక డిక్కీయే. ఊళ్ళో బస్సుకి వెనక, ఆటోకి వెనక, అంబాసిడర్‌కి వెనక. ఇరుసు మీద పెట్టాలని మనకి ఎవరు చెప్పారు? చెప్పినావిడ టైర్ల దగ్గర వంగి ఉంది. తర్వాత చుట్టూ చేరి చేతులు చాచి ప్రయాణ ప్రార్థన చేశాం. బయల్దేరాం.

కారు నడిపేది ఆంటీ, పక్క సీట్లో సెక్రటరీగారు, వెనక నేను. ఎం-40 హైవే మీద ఆక్స్‌ఫర్డ్ రాకముందు సున్నపు కొండని నిలువునా చీల్చి వేసిన దిగుడొకటి ఉంది. ఆ చీలిక దాటగానే పక్కగాలి చెంప మీద కొట్టినట్టు తగులుతుంది. అక్కడ మొదలైంది. మొదట నా సీటుని కింద నుంచి ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే క్యారవాన్ ఒకసారి ఎడమ కిటికీలో, ఒకసారి కుడి కిటికీలో కనబడుతోంది.

"బ్రేకు! బ్రేకెయ్యండి సిస్టర్!" సెక్రటరీగారు కేక పెట్టారు.

ఆంటీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ప్రభువా! సిస్టర్, అటు తిప్పండి! అటు!" అంటూ ఆయన చెయ్యి చాపి స్టీరింగ్ పట్టుకున్నారు.

ఆంటీ ఎడమచేత్తో ఆయన మణికట్టు మీద ఫెడీమని కొట్టారు. "చెయ్యి తియ్యరా!" సెక్రటరీగారిని "రా" అనడం నేను వినడం అదొక్కసారే. ఆయన చెయ్యి తీశారు. ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ఎదురుగా చూస్తూ, కాలు పైకి తీసి, కూర్చున్నారు. అంతే. కూర్చున్నారు. పక్క లేన్లలో లారీలు హారన్లు కొడుతున్నాయి. కారు మమ్మల్ని ఒకరి మీదకి ఒకర్ని విసురుతోంది. నేను కీర్తనలన్నీ కలిపి కలగాపులగంగా చదువుతున్నాను. మెల్లగా, చాలా మెల్లగా, ఊగుడు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. తర్వాత పోయింది.

తర్వాత వచ్చిన సర్వీసెస్‌లో, హైవే పక్కన బళ్ళు ఆపుకుని టీ తాగే చోట ఆపి, దిగి, వెనక తలుపు తీశారు ఆంటీ.

"ఏంటిది?"

"అవి... పచ్చళ్ళు సిస్టర్," అన్నారు సెక్రటరీగారు, ఎర్రబడ్డ మణికట్టు రుద్దుకుంటూ.

"ఇది?"

"నీళ్ళు."

"వేల్స్‌లో నీళ్ళు లేవా?"

"మన నీళ్ళయితే మంచివని..."

"కొళాయి నీళ్ళే కదా బ్రదర్ ఇవి! హేస్ కొళాయి నీళ్ళు వేల్స్‌కి మోసుకొచ్చారా మీరు?"

లారీ డ్రైవర్లు టీ కప్పులు పట్టుకుని చూస్తుండగా ఆ పార్కింగులో సామానంతా కిందకి దించి, మళ్ళీ ఇరుసు మీదకి సర్దించారు. నీళ్ళు పారబోయించారు. స్పీకరు నా ఒళ్ళో పెట్టారు. క్యాంపు దాకా అది నా ఒళ్ళోనే ఉంది. ఆంటీ అప్పుడు కారు తలుపు పట్టుకుని నిలబడటం చూశాను. చూశానని గమనించి, "ఏంటి చూస్తావ్? టీ తీసుకురా. చక్కెర ఎక్కువెయ్యి," అన్నారు.

మరుసటి ఆదివారం సంఘంలో, దేవుడు చేసిన మేళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ సెక్రటరీగారు లేచారు. "ఆ దిగుడులో బండి అదుపు తప్పింది. నేను విశ్వాసంతో స్టీరింగ్ మీద చెయ్యి వేశాను. ఆ క్షణంలో ఒక దేవదూత ఆ చక్రాన్ని పట్టుకున్నాడు సహోదరులారా!" అన్నారు. హాలంతా స్తోత్రం, స్తోత్రం. ఆంటీ మూడో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నేను లేచాను. అది అబద్ధమన్నాను. స్టీరింగ్ పట్టుకున్నది దూత కాదు, మూడో వరసలో కూర్చున్న ఆడమనిషి అన్నాను. కిందకి దూకు, దూతలు ఎత్తి పట్టుకుంటారు అన్న వాక్యం సాతానుకి కూడా కంఠతా వచ్చు అన్నాను. ఆలయ శిఖరం మీద వాడు చదివింది ఆ వాక్యమే కదా! నన్ను కూర్చోబెట్టారు. తర్వాత చాలాకాలం రోటాలో నా పేరు రాలేదు.

ఆంటీ మాత్రం పార్కింగులో నన్నే తిట్టారు.

"నాకోసం కొట్లాడమని నిన్నెవడు అడిగాడు?"

"మీ పేరే చెప్పలేదు ఆంటీ వాళ్ళు!"

"నా పేరు చెప్పకపోతే చావనీ. బరువు గురించి చెప్పించు. దూత పట్టుకున్నాడని చెప్తే వచ్చే ఏడూ వెనకే పెడతారు. అది నీకు తట్టలేదు, నా పేరు కోసం గుడ్డలు చించుకున్నావ్."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆవిడకి గౌరవం అక్కర్లేదు. గౌరవం ఆవిడ దగ్గర కావలసినంత ఉంది. ఆవిడకి కావలసింది బియ్యం మూట ముందుకి జరగడం. అంత చిన్నది. అది మేము ఇవ్వలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ ప్రార్థన అయ్యాక ఆవిడే మళ్ళీ తలుపు తీసి చూసుకునేవారు. "ఆమెన్ అన్నాక కళ్ళు తెరవమన్నాడు దేవుడు, ఎందుకు తెరవమన్నాడనుకున్నావ్?" అనేవారు. ప్రతి ఏడూ వెనక ఏదో ఒకటి దొరికేది. విసుక్కుంటూ సర్దేవారు. మేము క్షేమంగా వెళ్ళొచ్చేవాళ్ళం. క్షేమంగా వచ్చిన ప్రతిసారీ దూత కథకి ఇంకొంచెం బలం వచ్చేది.

జూలైలో ఆవిడ పోయారు. సమాధి సేవలో సెక్రటరీగారు మళ్ళీ ఆ కథే చెప్పారు. ఈసారి దూతకి రెక్కలు కూడా వచ్చాయి. ఆంటీ పేరు కొంచెం వచ్చింది: "మన సిస్టర్ భయపడిన వేళ..." అన్నారు. పెట్టె ఎదురుగా ఉంది. మూత వేసి ఉంది. నేను నోరు తెరవబోతుంటే ఆంటీ కూతురు నా చెయ్యి పట్టుకుంది. "నాట్ టుడే, అన్నా," అంది. ఆ పిల్ల లీసెస్టర్‌లో నర్సు. ఇక్కడే పుట్టింది, తెలుగంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆరోజుకి ఊరుకున్నాను.

ఆగస్టులో క్యాంపు. ఈసారి క్యారవాన్ లాగేది ఆ అమ్మాయి. ఆంటీ బతికుండగానే బలవంతపెట్టి దానికి అప్పట్లో కావలసిన ప్రత్యేక టెస్టు పాసు చేయించారు. అమ్మ సేవ ఆగకూడదని సెక్రటరీగారు ఫోన్ చేస్తే కాదనలేక ఒప్పుకుంది. వెనక సీట్లో తన ఇద్దరు పిల్లలు. నేను నా కారులో వెనకాల వెళ్ళాలి.

హేస్‌లో హాలు వెనక పార్కింగుకి నేను చేరేసరికి ప్రార్థన అయిపోయింది. క్యారవాన్ తలుపు తెరిచి ఉంది. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్ళి వస్తున్నారు, కళ్ళు తుడుచుకుంటూ. ఆంటీ జ్ఞాపకంగా ఈసారి అందరూ రెట్టింపు తెచ్చారు. ప్రేమతోనే తెచ్చారు. దేవుడి ముందు చెప్తున్నాను, ఆ ప్రేమలో ఏ లోపమూ లేదు. ఆ ప్రేమంతా క్యారవాన్ తోకలో పేరుకుని ఉంది. ఆ అమ్మాయి తాళాలు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

"చూశావామ్మా లోపల?" అన్నాను.

"ఐ నో. ఐ టోల్డ్ దెమ్." తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. "దే ఆర్ ఆల్ క్రయింగ్, అన్నా. హౌ డు ఐ సే నో?"

పిల్లలిద్దరూ సీటు బెల్టులు పెట్టుకుని కిటికీలోంచి నాకు చేతులూపుతున్నారు. నాలో ఏదో తెగింది. లోపలికెళ్ళి చేతికందిన మొదటి డేక్సా పట్టుకుని బయటికొచ్చాను.

"బ్రదర్!" సెక్రటరీగారు పరుగున వచ్చారు. "ప్రార్థన అయిపోయింది. ప్రార్థన చేసి పెట్టినవి దింపడం అవిశ్వాసం."

"ప్రార్థన దేవుడికి చేశారా, డేక్సాకి చేశారా?"

"ఇన్నేళ్ళు కాపాడినవాడు ఇప్పుడు కాపాడడా?"

"ఇన్నేళ్ళు కాపాడింది ఎవరి చేత? మీరు ఆమెన్ అన్నాక ఆవిడ వెళ్ళి సర్దింది! ఏటా సర్దింది! మీరు దూతకి చప్పట్లు కొడుతుంటే ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు బరువు చూసింది. ఇప్పుడావిడ మట్టిలో ఉంది. ఇవాళ ఎవరు సర్దుతారు? పిలవండి మీ దూతని. వచ్చి ఈ బియ్యం మూట జరపమనండి. నేను ఇక్కడే నిలబడతాను."

నేను ఆగలేదు. దేవుడు దొంగ త్రాసుని అసహ్యించుకుంటాడని మీ అందరికీ తెలుసు, దుకాణంవాడి త్రాసు గురించే అనుకున్నారు అన్నాను. రెండు పసిప్రాణాల్ని తోకబరువు బండికి కట్టి, పైన వాక్యం కప్పి పంపడం దొంగ త్రాసు కాదా అన్నాను. మందసాన్ని బండెక్కించిన పెద్దలు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భోంచేశారు, చచ్చినవాడి పెళ్ళాం పిల్లల సంగతి ఏ లేఖనమూ చెప్పలేదు అన్నాను. నా గొంతు బొంగురుపోయింది.

నా చేతిలో ఉన్న డేక్సా తెచ్చిన పెద్దావిడ ముందుకొచ్చింది. ఆంటీకి ప్రాణ స్నేహితురాలు.

"అది నాది. నా చేత్తో పెట్టాను. నువ్వెట్టా తీస్తావ్?"

"సరే పెద్దమ్మా. మీ చేత్తోనే తియ్యండి. మీ చేత్తోనే మధ్యలో పెట్టండి. ఎక్కడ పెట్టాలో ఆ అమ్మాయి చెప్తుంది."

ఆవిడ నా చేతిలోంచి డేక్సా లాక్కుని, తిరిగి, ఆ అమ్మాయితో, "చెప్పవే తల్లీ, ఎక్కడ పెట్టమంటావ్? మీ అమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో దీని గురించి. తిట్టిందేగాని ఒక్కసారీ నా చేత పెట్టించలేదు," అంది.

దానితో తక్కినవాళ్ళూ కదిలారు. ఎవరి కానుక వాళ్ళ చేత్తో బయటికొచ్చింది, ఎవరి చేత్తో వాళ్ళే మళ్ళీ లోపలికి, ఇరుసు మీదకి. సగం నా కారులోకి, మిగతా కార్లలోకి. ఆ అమ్మాయి నడుముకి చున్నీ బిగించి, "అక్కడ కాదు ఆంటీ, ఇంకొంచెం ముందుకి," అంది. తెలుగులో అంది. వాళ్ళమ్మ గొంతే. కొందరు ఆడవాళ్ళు ఉలిక్కిపడి చూశారు. చివరికి తనే మోకాళ్ళూని ముక్కు బరువు చూసింది, సరిపోయిందని లేచింది. సెక్రటరీగారు దూరంగా నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు. ఆయన నన్ను ఇంకా పలకరించలేదు. ఈ పత్రిక చూశాక అసలే పలకరించరు. పోనీ.

మీ మీ సంఘాల్లో క్యారవాన్లు లేకపోవచ్చు. మినీబస్సులుంటాయి, అద్దె వ్యాన్లుంటాయి, పైన కట్టే పెట్టెలుంటాయి. బరువు కింద పెట్టండి, మధ్యలో పెట్టండి, బయల్దేరే ముందు చూడండి. చూసినవాళ్ళని అవిశ్వాసులని అనకండి. ఎవరైనా ఆడమనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చూస్తుంటే, ఆవిడ ప్రార్థన చెయ్యట్లేదని నిర్ణయించకండి. నేను ఆంటీకి ఇవ్వగలిగింది ఇంతే. ఇదీ ఆవిడ అడిగిందే.

ఆరోజు ఆ కొండ దిగుడులో ఏమీ జరగలేదు. నేను పళ్ళు బిగబట్టి వెనకాల వచ్చాను. క్యారవాన్ గీత గీసినట్టు దిగింది. ఆక్స్‌ఫర్డ్ దాటాక నిమ్మళంగా ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు, చదును దారిలో, ఎవరూ అనుకోని చోట, పెద్ద టూరిస్టు కోచ్ ఒకటి నన్ను దాటి, ముందున్న క్యారవాన్‌ని దాటబోయింది. కోచ్ మోసుకొచ్చిన గాలి తగిలి క్యారవాన్ తోక ఎడమకి జరిగింది. తర్వాత కుడికి. నా గొంతులోంచి ప్రార్థన రాలేదు, వాక్యం రాలేదు. ఎదురుగా క్యారవాన్ వెనక రెండు ఎర్ర దీపాలున్నాయి, బ్రేకు తొక్కితే వెలిగేవి. వాటినే చూశాను. ఇంకోసారి ఎడమకి. ఇంకోసారి కుడికి, ఈసారి కొంచెం తక్కువ. కోచ్ దాటిపోయింది. దారి మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. ఆ రెండు దీపాలూ వెలగలేదు.